ఒడ్డెక్కిన మంచు

జులై 28, సోమవారం

ఈ ఉదయం ఫోటోలో ఒక మంచుగడ్డ నీళ్లలో లేదు.

సరస్సు దగ్గర పెట్టిన కెమెరా రోజూ ఆరింటికి ఒక ఫోటో పంపుతుంది. సరస్సు అలాస్కాలో. నేను అక్కడికి చాలా దూరంలో, బాతెల్ అనే ఊళ్లో, భవిత ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో అద్దెకి. కాఫీ కలుపుకుని లాప్‌టాప్ తెరుస్తాను, సరస్సు కనిపిస్తుంది. ఆ గడ్డ లారీ అంత ఉంటుంది. నిన్నటిదాకా తేలుతోంది. ఇవాళ ఒడ్డున రాళ్ల మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది.

నీటి అడుగున ఉన్న సెన్సర్ మాత్రం మట్టం నిన్నటికంటే పద్నాలుగు సెంటీమీటర్లు పెరిగిందని చెబుతోంది.

పెరిగితే గడ్డ ఇంకా తేలాలి కదా, ఒడ్డెలా ఎక్కింది?

జులై 29

ల్యాబ్‌లో దివాకర్ గారికి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూపించాను. నాకు చెప్పడం కంటే చూపించడం తొందరగా అవుతుంది. ఆయన మా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్, పీహెచ్‌డీ అయిపోయిన సీనియర్, వరంగల్ మనిషి. గాలికి కొట్టుకొచ్చి ఉంటది, గీ మాత్రానికి పరేషాన్ ఎందుకు అన్నారు. కంప్యూటర్ మోడల్ ప్రకారం సరస్సు ఖాళీ అయి వరద రావడానికి ఇంకా పన్నెండు రోజులుందట.

కిందటేడు వరద వస్తోందని ఫోన్ చేసింది ఆయనే. సరస్సుకి దిగువన నది ఒడ్డున చేపల క్యాంపులో ఉన్నవాళ్లందరినీ గుట్ట మీది స్కూల్‌కి తరలించారు. సాల్మన్ చేపలు గుంపులుగా వచ్చే వారం అది. మూడు రోజులు వలలు వేయలేదు. చుక్క నీరు రాలేదు. క్యాంపులో ఊరికే మొరిగే కుక్క ఒకటి ఉంటే దానికి దివాకర్ అని పేరు పెట్టారు.

నా పేరు మీద ఆడ ఒక కుక్క ఉంది కృతీ, నీకూ ఒకటి కావాల్నా అని అడిగారు. ల్యాబ్ అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

జులై 30

ఇంకో గడ్డ ఒడ్డెక్కింది. సెన్సర్ మళ్లీ పెరిగిందంటోంది.

సాయంత్రం ఆంటీ కూతురు ప్రణవి వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఎనిమిదేళ్లు. అక్కా, నీ లేక్ ఏం చేస్తుంది అని అడిగింది. లోయకి గ్లేసియర్ అడ్డంగా నిలబడి ఉంటుంది, వెనక నీళ్లు చేరతాయి, ఒకరోజు మంచు కింద సొరంగం పడి మొత్తం ఖాళీ అవుతుంది అని కాగితం మీద బొమ్మ వేశాను. బాత్‌టబ్‌లాగా అంది. అవునని తల ఊపాను. మరి ప్లగ్ ఎవరు తీస్తారు అంది. నీళ్లే అని రాశాను.

అది బొమ్మ మీద వేలు పెట్టి, నీళ్లకి ముందే తెలుసా అని అడిగింది.

జులై 31

ప్రోగ్రామ్ గీసే గ్రాఫ్‌ని ఇవాళ పక్కన పెట్టేశాను. అది రోజుకి ఒక సగటు ఇస్తుంది. అసలు లెక్కలు పన్నెండు నిమిషాలకొకటి ఉంటాయి. పది రోజులవి ప్రింట్ తీసి, స్కేలు పెట్టి వరసగా చదివాను. పన్నెండు వందల వరసలు. మధ్యాహ్నం భోజనం మానేశాను.

కాన్వెంట్‌లో అసెంబ్లీలో ప్రార్థన చదివే వంతు నాకు రానిచ్చేది కాదు సిస్టర్ రొజారియో. నా వంతుకి బోర్డు మీద ఆ రోజు వాక్యం రాయించేది. చేతిరాత బాగుందని అలా చేస్తోందని అందరూ అనుకునేవాళ్లు. అక్షరం అక్షరం చూసి రాయడం అక్కడే అలవాటైంది.

దొరికింది.

గాలి లేని గంటల్లో మట్టం తగ్గుతోంది. ప్రతిసారీ. గాలి వీచినప్పుడు మాత్రం ఒక్కసారిగా పెరుగుతోంది. సగటు తీస్తే మొత్తం మీద పెరిగినట్టే కనిపిస్తుంది.

జూన్‌లో సెన్సర్‌ని మేమే సరస్సులో దించాం. తాడుతో ఒడ్డుకి కట్టాం. ఇప్పుడు గడ్డలు ఆ తాడులో చిక్కుకుని, గాలి వీచినప్పుడల్లా లాగుతున్నాయి. సెన్సర్ లోతుకి జారుతోంది. లోతుకి వెళ్లేకొద్దీ దాని నెత్తిన నీళ్లు ఎక్కువ. అందుకే సరస్సు నిండుతోందంటోంది. అది అబద్ధం చెప్పడం లేదు. దానికి తెలిసింది తన నెత్తి మీది నీళ్లే.

సరస్సు నిండడం లేదు. కింద నుంచి పోవడం మొదలైంది.

ఆగస్ట్ 1, ఉదయం 8:10

మా ప్రొఫెసర్ గ్రీన్‌లాండ్ మంచు మీద ఉన్నారు. శాటిలైట్ ఫోన్‌కి మెసేజ్ పెడితే జవాబు వచ్చింది. ఫోటో ఒక అభిప్రాయం, సెన్సర్ ఒక కొలత అట. నెక్స్ట్ వీక్ మాట్లాడదామట.

9:30

కాగితాలన్నీ దివాకర్ గారి టేబుల్ మీద పరిచాను. గాలి గంటలకి ఎర్ర స్కెచ్, మిగతా వాటికి నీలం. ఆయన ఒక్క జోకూ వేయలేదు. అరగంట చూశారు. ఇన్ని రోజులు ఏం చూసిన నేను అన్నారు.

ఫోన్ మీరు చేయండి అని కాగితం మీద రాసి ముందుకు తోశాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. నేను చేస్తే నవ్వుతరు, నా మాటకి ఆ కుక్క కూడా లేవది, ఈసారి కొత్త గొంతు కావాలె, పైగా వాళ్లు ఎదురు ప్రశ్నలు అడుగుతరు, ఈ వరసలు చదివింది నువ్వే అన్నారు.

10:15

అలాస్కాలో వరద హెచ్చరికలు తీసుకునే ఎమర్జెన్సీ డెస్క్‌కి ఈమెయిల్ చేశాను. వెంటనే ఆటోమేటిక్ రిప్లై. హెచ్చరికలు ఫోన్‌లో మాత్రమే తీసుకుంటారు.

10:40

చెప్పాల్సింది కాగితం మీద రాసుకున్నాను. తొమ్మిది వాక్యాలు.

11:20

చేయలేదు.

11:50

డయల్ చేశాను. డెస్క్‌లో ఎవరో ఆవిడ హలో అంది. పెట్టేశాను.

12:05

జూన్‌లో క్యాంపులో డొలొరెస్ అని ఒక పెద్దావిడ నాకు టీ ఇచ్చింది. చేపలు ఎండబెట్టే కర్రల కింద ముగ్గురు మనవలు ఆడుకుంటున్నారు. ఈసారి మాకు ఫోన్ చేసేది మీలో ఎవరు అని అడిగింది. టీ బాగుంది అన్నట్టు కప్పు పైకెత్తాను.

12:20

మెట్ల గదిలోకి వెళుతున్నాను. అక్కడ ఎవరూ ఉండరు.

1:00

చేశాను.

ఆవిడ పేరు రూత్. ఇందాక పెట్టేసింది నువ్వేనా తల్లీ అన్నట్టు అడిగింది. అవునన్నాను. ఆ కుక్క పేరాయన ఆఫీసేనా అంది. అదీ అవునన్నాను. అయితే చెప్పు, నేనెక్కడికీ పోవట్లేదు అంది. తొమ్మిది వాక్యాలూ చదివాను. ఆవిడ మధ్యలో నా మాట అందుకోలేదు. పక్కన ఇంకో ఫోన్ మోగితే వేరే వాళ్లని తీయమంది.

తర్వాత ప్రశ్నలు. తాడు పొడవెంత, గడ్డలు ఎన్ని ఒడ్డెక్కాయి, ఒడ్డు దగ్గరి పెద్ద బండరాయి ఇంకా మునిగి ఉందా బయటపడిందా. అన్నిటికీ జవాబిచ్చాను. చివరికి, నువ్వైతే ఇవాళ ఆ ఒడ్డున పిల్లల్ని పడుకోబెడతావా అని అడిగింది.

నో అన్నాను. ఆ ఒక్క మాట వెంటనే వచ్చింది.

సరే, రేడియోలో చెబుతాను అంది.

మెట్ల మీద కూర్చుండిపోయాను. తలుపు తీస్తే దివాకర్ గారు బయట నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో తెలియదు. వాటర్ బాటిల్ ఇచ్చారు.

ఆగస్ట్ 2

ఏమీ కాలేదు.

ఉదయం ఫోటోలో మూడో గడ్డ కూడా ఒడ్డెక్కింది. క్యాంపు వాళ్లు స్కూల్‌లో ఉన్నారు. అందరూ తిట్టుకుంటున్నారని రూత్ మెసేజ్ పెట్టింది. చేపలు దండిగా వస్తున్నాయట.

ఆంటీ పెసరట్టు వేసి తెచ్చింది. ఏమైందే, మొహం అలా పీక్కుపోయింది, వీసా గొడవా అని అడిగింది. కాదని తల ఊపాను. అయితే తిను, వీసా కాకపోతే అన్నీ అవే సర్దుకుంటాయి అంది.

నా లెక్క తప్పేమోనని మళ్లీ మొదటి వరస నుంచి చదివాను. తప్పు కాదు.

ఆగస్ట్ 3, ఆదివారం, ఉదయం 6:04

ఫోటోలో సరస్సు లేదు.

బురద. దాని మీద గడ్డలన్నీ ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. మా తాడు ఒక గడ్డకి చుట్టుకుని ఉంది.

9:30

రూత్ మెసేజ్. తెల్లవారుజామున నాలుగింటికి నది వచ్చింది. చేపల కర్రలు పోయాయి. రెండు పడవలు పోయాయి. క్యాంపు ఉన్న గులకరాళ్ల తిన్నె మొత్తం పోయింది. మనుషులు ముప్పై ఒక్కమంది స్కూల్‌లో ఉన్నారు. దివాకర్ అనే కుక్క కూడా.

దివాకర్ గారికి ఫార్వర్డ్ చేశాను. ఆయన జవాబిచ్చారు. నేను సేఫ్ అన్నమాట అని.

ఆగస్ట్ 12

రిపోర్ట్ కోసం రూత్ ఆ కాల్ రికార్డింగ్ పంపింది. ఇవాళ విన్నాను. నేను రాసుకున్న తొమ్మిది వాక్యాలు ప్రణవి చేత చదివిస్తే నలభై సెకన్లు పట్టింది. రికార్డింగ్‌లో అవే తొమ్మిది వాక్యాలకి ఆరు నిమిషాల పదకొండు సెకన్లు.

నాకు నత్తి.