చింతపండుతో తోమిన గేరు రింగులు

మంగళవారం, రాత్రి

మా అమ్మాయి పైడి మొన్న తన పాత స్పోర్ట్స్ కారు గేరుబాక్సు విప్పింది. పొద్దున అరుగు మీద దాని ఇత్తడి రింగులు నల్లగా కనిపిస్తే, దీపం కుందులతో పాటు వాటినీ చింతపండుతో తోమేశాను. లోపలి సన్నటి గాట్లు అరిగిపోయాయేమో, దారిలో గేరు పడక పిల్లకేమవుతుందో అని ముద్ద దిగలేదు. సాయంత్రం చెప్పేశాను.

"ఓలమ్మా! అవి ముందే అరిగిపోయినవే. కొత్తవి నిన్ననే బిగించీసినాను. రా, ఎక్కి సూడు," అని నవ్వింది.

శ్రీకూర్మం దారిలో తిప్పింది. ఎప్పుడూ గర్రుమనే మూడో గేరు చప్పుడే లేకుండా పడింది. సంతోషమే. కానీ ఇన్నాళ్లూ ఆ గర్రు వినే, పిల్ల మా వీధి మలుపు తిరిగిందని అన్నం వడ్డించేదాన్ని.

రేపటినుంచి మలుపులో హారన్ కొట్టమనాలి.