దుప్పటి కప్పిన ఒలింపిక్స్

దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 5, 2022.

గౌరవనీయులైన బావగారు బుచ్చయ్యగారికి,

మీ వియ్యంకుడు శ్రీరామమూర్తి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. పుణెలో మా దుర్గ, మీ సతీష్ కూడా బాగున్నారు. మీకు ఫోనే చేసేవాణ్ణి గానీ, చైనా ఫోన్లన్నీ వదిలేసి ఇంటికంతా ఒక్క బటన్ ఫోన్ ఉంచుకున్నారాయె. లడఖ్ నుంచి యోగేందర్ ఎప్పుడు చేస్తాడోనని అదీ ఖాళీగా ఉండాలని చెల్లెమ్మ ఆజ్ఞ. మీ అమ్మాయి అఖిల కోచింగ్‌కి రోజూ ఇటే వస్తుంది కాబట్టి ఉత్తరాలు చేరవేసే బెంగ లేదు.

అసలు సంగతి. చైనాలో శీతాకాల ఒలింపిక్స్ మొదలయ్యాయి. మీ చిన్నబ్బాయి యోగేందర్ సరిహద్దులో వాళ్ళకెదురుగా తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటే, వాళ్ళ వాకిట్లో ఆటలకి మనం చప్పట్లు కొట్టడమేమిటి? మా ఇంట్లో చూసేది లేదని అపార్టుమెంటు మీటింగులో లేచి నిలబడి చెప్పాను. టీవీకి దుప్పటి కప్పేశాను. ఆనాడు సరిహద్దు గొడవప్పుడు మీరు చైనా టీవీని మేడమీంచి పడేస్తే కాలనీ అంతా జై కొట్టింది. అంత తెగువ నాకు లేదు గానీ దుప్పట్లకు లోటు లేదు.

ఇట్లు, మీ మాట మీద నడిచే
శ్రీరామమూర్తి

తా.క.: మంచుగడ్డ మీద గిరగిరా తిరిగేది ఆట కాదు, నాట్యమేనని మా ఆవిడ కోటేశ్వరమ్మ వాదిస్తోంది. నేను ఒప్పుకోలేదు.


ఎల్బీ నగర్,
ఫిబ్రవరి 8.

బావగారు శ్రీరామమూర్తిగారికి బుచ్చయ్య నమస్తే.

మీ ఉత్తరం చదివి నా ఛాతీ ఉప్పొంగిందని రాయాలి. రాశాననుకోండి.

నేనూ మా సుక్కమ్మా ఎల్లుండి బయలుదేరి మీ ఇంటికొచ్చి నాలుగు రోజులు ఉందామనుకుంటున్నాం. కారణం ఉత్తరంలో రాసేది కాదు. పిల్లలకు మాత్రం చెప్పకండి, వాళ్ళు పరేషాన్ అవుతారు. ప్రత్యేకంగా వంటలేవీ చేయొద్దు. కూర్చోవడానికి జర జాగా ఉంటే చాలు.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క.: మీ టీవీ హాల్లో ఉందా, పడకగదిలో ఉందా?


దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 9.

మహారాజశ్రీ బావగారి సముఖానికి,

మీ ఉత్తరం అందినప్పటినుంచి నాకు నిద్ర లేదు. మగపెళ్ళివారు పండగా పబ్బం లేకుండా, కారణం చెప్పకుండా, పిల్లలకు తెలియనివ్వకుండా ఆడపెళ్ళివారింటికి వస్తామంటే మావైపు దానికి ఒకటే అర్థం: పిల్లమీద ఫిర్యాదు. మా దుర్గ ఏమన్నా తొందరపడి మాట తూలిందా? చిన్నప్పటినుంచీ దానికి నోరు కాస్త ముందు, బుద్ధి కాస్త వెనక నడుస్తాయి. మనసు మాత్రం వెన్న. లేక పెళ్ళినాటి కోపమా? మీ నాదర్‌గుల్ బాబాయిగారు గుత్తివంకాయ చూసి, "గిది సరే, కూరేది?" అని అడిగిన మాట నేనింకా మరిచిపోలేదు. కావాలంటే వారిని కూడా తీసుకురండి. ఈసారి నాటుకోడి వండిస్తాను.

ఇక టీవీ సంగతి. దుప్పటి చాలదనిపించింది. అసలు టీవీయే ఇంట్లో లేదు. రిపేరు షాపులో పడేశాం. మీరు ప్రతి గదీ చూసుకోవచ్చు.

ఇట్లు, తప్పుంటే కాయవలసిన
శ్రీరామమూర్తి

తా.క.: పొద్దున అఖిల వచ్చినప్పుడు లోపల ఏదో గోలగా వినిపించి ఉంటుంది. అది మిక్సీ.


ఎల్బీ నగర్,
ఫిబ్రవరి 10.

బావగారికి,

మీ దుర్గ బంగారం. మాకు ఆమె మీద ఏ ఫిర్యాదూ లేదు. వంకాయ మీద కూడా లేదు.

టీవీ లేదని రాశారు. అయితే మేం ఇప్పుడు రావడం లేదు. వచ్చి ఏం లాభం? మీ మాట చదివి వినిపిస్తే సుక్కమ్మ పళ్ళెంలో అన్నం అట్లాగే వదిలేసి లేచిపోయింది. మీరేమీ మనసులో పెట్టుకోకండి.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క.: మీ మిక్సీలో జనం ఈలలు వేస్తున్నారని అఖిల చెప్పింది. ఏ కంపెనీది?


దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 11, పొద్దున.

బావగారికి,

ఇక దాచలేను. చెల్లెమ్మ అన్నం మానేసిందని చదివాక నాకు కాఫీ కూడా దిగలేదు.

మా టీవీ హాల్లోనే ఉంది. మేం చూస్తున్నాం. మొదటిరోజు కోటేశ్వరమ్మ ఆ నాట్యం కోసం దుప్పటి ఒక మూల ఎత్తింది. ఆపమని చెబుదామని వెళ్ళి పక్కన కూర్చున్నాను. రెండోరోజు దుప్పటి తీసింది నేనే. ఆ దుప్పటే ఇద్దరం కప్పుకుని, పల్లీలు తింటూ చూశాం. మీ కన్నకొడుకు అక్కడ చలిలో నిలబడి ఉంటే, ఊరందరి ముందూ ఒట్టు పెట్టిన నేను ఇక్కడ చేసిన పని ఇది. చూస్తున్నంతసేపూ యోగేందర్ గుర్తొస్తూనే ఉన్నాడు. సిగ్గేస్తూనే ఉంది. అయినా లేవలేకపోయాను.

అది తెలిసే మీరు తనిఖీకి వస్తామన్నారని నాకు ఇప్పుడు అర్థమైంది. నన్ను ఎన్ని మాటలైనా అనండి. చెల్లెమ్మను మాత్రం భోజనం చేయమనండి.

ఇట్లు, తల వంచుకుని
శ్రీరామమూర్తి

తా.క.: మిక్సీ మాత్రం నిజంగానే ఉంది.


ఎల్బీ నగర్,
ఫిబ్రవరి 11, మధ్యాహ్నం.

ప్రియమైన బావగారికి,

మీ ఉత్తరం చదివి నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. టీవీ ఉందన్నమాట!

తనిఖీ ఎవరు చేస్తారండీ? మేం వస్తామన్నది ఆ ఆటలు చూడటానికే. కాలనీ ముందు టీవీ పగలగొట్టినవాణ్ణి, నోరు తెరిచి అడగలేకపోయాను. పైగా మీరు నన్ను చూసి ఒట్టు పెట్టుకుంటిరి.

జరిగింది చెబుతాను. యోగేందర్ ఫోన్ చేసి రెండు వారాలు దాటింది. మంచు ఎక్కువ పడితే లైను దొరకదని వాడు ముందే చెప్పాడు. దొరికినప్పుడు కూడా "మంచిగున్న అమ్మా" అంటాడు, అంతే. ఆ మంచు ఎట్లా ఉంటుందో ఏనాడూ చెప్పడు. మొన్న ఆదివారం మా చౌరస్తాలోని టీవీల షాపు ముందు సుక్కమ్మ ఆగిపోయింది. లోపల పెద్ద టీవీలో అంతా మంచే. కాళ్ళకు పొడుగాటి చెక్కలు కట్టుకున్న ఒక పిల్లవాడు కొండ మీదినుంచి జారుతూ పల్టీలు కొట్టి పడిపోయాడు. షాపులో వాళ్ళు నవ్వారు. వాడింకా లేవనే లేదు, అంతలో ఎవరో ఛానల్ మార్చి సినిమా పాట పెట్టారు.

అప్పటినుంచి ఆమెది ఒకటే మాట. "గా పిలగాడు లేశిండా?" వంట చేస్తూ అడుగుతుంది, పడుకోబోతూ అడుగుతుంది. లేచే ఉంటాడులే అంటే నమ్మదు. నిన్న విసుక్కుని, వాడు చైనావాడే, అంగీ మీద జెండా నేను చూశానని చెప్పేశాను. చేతిలో గిన్నె కింద పెట్టింది. తర్వాత, "అయితేంది? ఆనికి తల్లి లేదా?" అన్నది.

బావగారూ, నాకూ తెలియాలి. నేను పైకి అడగలేదు, అంతే. ఆదివారం ఆట మీరు చూసి ఉంటే, వాడు లేచాడో లేదో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
బుచ్చయ్య

తా.క.: లేవకపోతే మాత్రం లేచాడనే రాయండి. ఉత్తరం ఆమెకు చదివి వినిపించేది నేనే.


దిల్‌సుఖ్‌నగర్,
ఫిబ్రవరి 11, సాయంత్రం.

బావగారికీ, చెల్లెమ్మకూ,

అఖిలను గుమ్మంలోనే ఆపి ఇది రాస్తున్నాను. ఆ ఆట మేం చూడలేదు. కానీ ఇంటర్నెట్లో పాత ఆటలన్నీ దొరుకుతాయి. మీ ఉత్తరం రాగానే నేనూ కోటేశ్వరమ్మా వెతకడానికి కూర్చున్నాం. ఆదివారం పడ్డవాళ్ళు ఒకరా ఇద్దరా! ఆఖరికి మీరు చెప్పిన పిల్లవాడు దొరికాడు.

లేచాడు. ఇది మీ తాజా కలం చదివి రాస్తున్న మాట కాదు, కళ్ళారా చూసింది. కాసేపు అట్లాగే పడుకుని, మంచు దులుపుకుని, ఊడిపోయిన చెక్క మళ్ళీ కట్టుకున్నాడు. కింద ఇంకోసారి పడ్డాడు. మళ్ళీ లేచాడు. అందరికంటే ఆఖర్న వచ్చి, తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మీరిద్దరూ ఈ రాత్రి భోజనానికే వచ్చేయండి. ఫోన్ తెచ్చుకోండి, అందరం కలిసే ఎదురుచూద్దాం.

ఇట్లు,
శ్రీరామమూర్తి

తా.క.: వాడు పడి ఉన్నప్పుడు మా కోటేశ్వరమ్మ "లే నాయనా, లే!" అని పెట్టిన కేకకు పక్కవాటా శేషారత్నంగారు నేనే పడ్డాననుకుని అమృతాంజనంతో పరిగెత్తుకొచ్చారు. మీటింగులో నా ఒట్టుకి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిందావిడే. సంగతి విని అమృతాంజనం చేత్తో పట్టుకునే మా మధ్యన కూర్చున్నారు. వాడు లేచాక మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నారు.