ఫ్రిజ్ జోలికి పోకు, ఆల్మా

ఆల్మా,

నిద్ర లేచాక ఫ్రిజ్ జోలికి పోకు. కీమో ఎక్కించిన వారం చల్లటిది ఏది తాకినా వేళ్ళకి కరెంటు కొట్టినట్టుంటుందని నువ్వే అన్నావు. అయినా నిన్న వెన్న కోసం వట్టి చేత్తో తలుపు లాగావు. నువ్వు పెట్టిన కేకకి గడ్డకట్టిన చెరువు మీద మంచు అవతలి ఒడ్డు దాకా పగిలిందనీ, చేపలు చెవులు మూసుకున్నాయనీ కాఫీ హోటల్లో చెప్పాను. పక్కింటి డోరిస్ తప్ప అందరూ నమ్మారు.

నా చేపలవేట చేతి తొడుగులు ఫ్రిజ్ హ్యాండిల్‌కి కట్టాను. కంపు కొడతాయి, అయినా తొడుక్కో. ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళున్నాయి. పొయ్యి మీద కోడి సూపు ఉంది. నీ నోటిపూతకి మండకుండా ఉప్పు తగ్గించాను.

డోరిస్ మళ్ళీ బంగాళాదుంపలతో ఓవెన్‌లో వండిన హాట్‌డిష్ తెచ్చి, "పాపం, ఆల్మా ఏమైనా తింటోందా?" అంది. "తినడమా! పళ్ళెం కూడా కొరికేస్తోంది, నా వేళ్ళు దాచుకోలేక చస్తున్నా" అన్నాను.

ఒళ్ళు వెచ్చబడితే మాత్రం నాకోసం చూడకు. ముందు ఆస్పత్రికి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు. చెరువు మంచు మీద మన చేపలవేట గుడిసెలోనే ఉంటాను.

హెల్మర్

ఇంకో మాట. మన కుక్క బస్టర్ లావెక్కి తలుపులో ఇరుక్కుంటున్నాడు. పేగు క్యాన్సర్ నీకూ, సూపు వాడికీనా? నీ గిన్నె రోజూ అంత తళతళా ఎలా ఖాళీ అవుతోందో నాకు తెలుసు. తినలేకపోతే తినలేకపోయానని చెప్పు, వికారానికి మందు మార్చమని నర్సుని అడుగుదాం. ఈ ఇంట్లో అబద్ధాలాడే ఉద్యోగం నాది. దాన్ని కూడా లాక్కోకు.