ఫ్రెంచి మూవ్‌మెంటు

చిత్తూరు, 7–9–1942 (కార్డు)

చంద్రగిరి సుదర్శనం స్వామివారికి గడియారాల మునస్వామి దండాలు.

మీ తాతగారి జేబు గడియారం చేరింది. పైడబ్బా వట్టి ఇత్తడి. మూత తీసి చూశాను. లోపల ఉన్నది అసలు సిసలు ఫ్రెంచి మూవ్‌మెంటు! వాళ్ళ రాజుగారికని చేసింది, రాజముద్ర కూడా ఉంది. ఇన్నేళ్ళూ నిద్రపోతోంది. సెలవిస్తే లేపుతాను.

ఇట్లు, మునస్వామి

తా.క.: ఒకసారి లేచిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

చంద్రగిరి, 10–9–1942

మునస్వామికి ఆశీస్సులు.

బుద్ధి ఉందా? ఇలాంటివి కార్డు మీద రాస్తారా? పోస్టుమాస్టరు దామోదరం చదివేసి, నడివీధిలో "ఏం సామీ, మీ ఇంట్లో మూవ్‌మెంటు ఉండాదంట గదా!" అని అడిగాడు. క్విట్ ఇండియా వాళ్ళను దొరికినవాళ్ళను దొరికినట్టు జైల్లో వేస్తున్నారు. నేను తాలూకా కచేరీ గుమాస్తాను. ఉద్యోగం ఊడితే నలుగురు పిల్లలతో ఎక్కడికి పోను? భయంగా ఉందప్పా. తాత పుదుచ్చేరి పోయింది బావమరిది పెళ్ళికి. గడియారంలో ఏ కాగితాలు దాచాడో నేనెరగను. ఆ మూవ్‌మెంటు తీసి పారేసి, ఇంగ్లీషువాళ్ళది ఏదైనా పెట్టు.

సుదర్శనం

తా.క.: ఇది చదివి చించెయ్యి. చించినట్టు జాబు రాయి. ఆ జాబు నేను చించేస్తాను.

చిత్తూరు, 14–9–1942

స్వామివారికి దండాలు.

చించాను. ఇంగ్లీషుది పెట్టి బస్సు కండక్టరు చేత పంపాను. రోజుకు పావుగంట వెనకబడుతుంది, ఏమనుకోకండి. ఫ్రెంచిదాన్ని పారేయడానికి చేతులు రాలేదు. నా దుకాణంలోనే నడుపుతున్నాను.

మునస్వామి

తా.క.: సబిన్‌స్పెక్టరు జయరావుగారు స్వయంగా వచ్చి నొక్కి చూశారు. నొక్కేకొద్దీ గొంతెత్తుతోంది.

చంద్రగిరి, 16–9–1942

మునస్వామికి, ఈసారి ఆశీస్సులు లేవు.

ఇందుతో స్టాంపు కాగితం పంపుతున్నాను. "ఆ మూవ్‌మెంటుతో నాకు గానీ మా వంశానికి గానీ ఏ సంబంధమూ లేదు. దాన్ని నడిపేది ఒక్క మునస్వామే. దానివల్ల వచ్చే కష్టసుఖాలన్నీ అతనివే" అని రాసి సంతకం చేశాను. మా ఇంటిది పెరుందేవి సాక్షి.

సుదర్శనం

తా.క.: జైల్లో నా పేరెత్తకు. మీ ఇంటికి చింతపండు పంపిస్తుంటాను.

చంద్రగిరి, 9–8–1947

చిరంజీవి మునస్వామికి అనేకానేక ఆశీస్సులు.

పదిహేనో తేదీ మా కచేరీ ముందు జెండా ఎగరేయాలి. మూవ్‌మెంటులో ఉన్నవాడే ఎగరేయాలట. నీకు తెలియనిదేముంది? మాది తాతల నాటి నుంచీ మూవ్‌మెంటు కుటుంబం. ప్రాణాలకు తెగించి గడియారంలో దాచాం. ఆ స్టాంపు కాగితం వెంటనే తిప్పి పంపు.

నీ సుదర్శనం

తా.క.: ఖద్దరు జుబ్బా కుట్టించేశాను.

చిత్తూరు, 12–8–1947

స్వామివారికి దండాలు.

కాగితం పంపలేను. జిల్లా కమిటీవాళ్ళ దగ్గర ఉంది. సర్కారు గుమాస్తాయే సంతకం పెట్టి ఒప్పుకున్నాక ఇంకేం సాక్ష్యం కావాలన్నారు. మీ కచేరీ ముందు జెండా ఎగరేసేది నేనే. ముందురోజే వస్తాను, భోజనం మీ ఇంట్లోనే.

మునస్వామి

తా.క.: మా పనివాళ్ళ భాషలో మూవ్‌మెంటు అంటే గడియారం లోపలి యంత్రం. మీది మీట నొక్కితే గంటలు కొట్టే రకం, జయరావుగారు నొక్కింది ఆ మీటే. ఐదేళ్ళుగా చెబుదామనే అనుకుంటున్నాను, మీరు అడిగితే కదా!