రంగు బల్ల

ప్రియమైన అక్కా,

బావగారు తన తమ్ముణ్ణి పని మాన్పించేలోగా ఈ ఉత్తరం నీకు చేరాలి. మీ కట్టుడు పళ్ళ ల్యాబులో ఆలస్యానికి కారణం మీ మరిది కాదు.

పని ఎక్కడ ఆగుతోందో చూపడానికి కంపెనీలకు గీసినట్టే మీకూ చార్టు గీసి జత చేశాను: బల్లకో గడి, పని సాగే దారికో బాణం. అచ్చు పోయడం, నువ్వు మైనంతో పన్ను ఆకారం తీర్చడం, అతను పక్క పళ్ళకు సరిపడే రంగు వేయడం, చివరికి మెరుగు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కానీ అతను రంగు వేసిన ప్రతి పన్నూ, నువ్వు తీరిక చేసుకుని మళ్ళీ చూసేదాకా నీ బల్ల మీదే ఆగుతోంది. ఆ రెండో పరీక్ష తీసేస్తే, మీకు పళ్ళు పురమాయించే ఆసుపత్రివాళ్ళు పని వేరేవాళ్ళకు ఇస్తామని బెదిరించరు.

కోపగించుకోకు. బయటివాళ్ళయితే ఇదే మాట ఫీజు పుచ్చుకుని చెబుతారు.

నీ చెల్లి

చిట్టీ,

చార్టు గోడకు అంటించాను. "ఏమోయ్, ఊళ్ళో పళ్ళన్నీ నీ బల్ల మీదే ఇకిలిస్తున్నాయా!" అని మీ బావ నవ్వారు. తమ్ముణ్ణి మాన్పించే మాట ప్రస్తుతానికి ఎత్తడం లేదు. ఆ మేలు నీదే.

రెండో పరీక్ష మాత్రం తీయను. ఎందుకని అడక్కు.

అక్క

ప్రియమైన అక్కా,

అడక్కపోతే నా వృత్తే లేదు. నాకు చెప్పిందే చార్టులో ఉంటుంది. కారణం రాయని గడిని ఎవరో ఒకరు కొట్టేస్తారు. కారణం తెలిస్తే దానికి తగిన చోటు చూపగలను. రంగు బల్లకే ఈ పరీక్ష ఎందుకు?

నీ మేలు కోరే చెల్లి

చిట్టీ,

నీకు జవాబు రాసేలోపే మా మరిదే అడిగాడు. అందరూ భోజనానికి వెళ్ళాక చార్టు ముందు నిలబడి, "అందరి బాణాలూ తిన్నగా పోతుంటే నాదొక్కటే నీ బల్ల చుట్టూ తిరుగుతోందేం వదినా? నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు.

కొన్నాళ్ళుగా అతని కంటికి తెలుపుకీ లేత పసుపుకీ తేడా ఆనడం లేదు. ఆ రెండో పరీక్షలో రంగు నేనే గుట్టుగా దిద్దుతున్నాననుకున్నాను. "దిద్దుతున్నావని తెలిసే నోరు మెదపలేదు. తెలిస్తే అన్నయ్య ఇంటికి పొమ్మంటాడని భయం," అన్నాడు.

మీ బావకు తనే చెప్పేశాడు. ఆయన "వదినా మరిదీ కలిసి నన్నొక్కణ్ణే వెర్రివెంగళప్పను చేశారన్నమాట!" అని తిట్టి, అతని కుర్చీ ఎత్తుకొచ్చి నా మైనం బల్ల దగ్గర వేశారు. ఇక మైనం పని అతనిది, రంగు పని నాది. ఆ మేరకు చార్టు మార్చి పంపు.

సోమవారం అతన్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. చూపు ఇంకా తగ్గుతుందో, ఇక్కడితో ఆగుతుందో తెలియదు. మైనం అతని చేతికి పట్టుబడేదాకా ఆసుపత్రివాళ్ళు ఓపిక పడతారో లేదో అదీ తెలియదు.

నీ అక్క