కాఫీలో కడిగిన రెండు ఫొటోలు

పినపాక,
ఫిబ్రవరి 20.

మహిమకు మీ మామయ్య దీవెనలు.

వారం రోజుల నుంచి ఇక్కడ ఒక పూట మబ్బు, ఒక పూట ఎండ. కళ్లంలో ఆరబోసిన మిరపకాయలను పోగుచేసి కప్పడం, ఎండ రాగానే మళ్ళీ పరచడం, ఇదే పని. నేనూ మీ అత్తా బాగానే తిరుగుతున్నాం. బోనకల్‌లో అల్లుడు శివకుమార్‌కు డ్యూటీ పగటికి మారిందని రాశావు. మంచిదే.

అమ్మ ఫొటో ఒక్కటైనా దొరుకుతుందా అని అడిగావు. దీంతో పాటు పంపుతున్నాను. ఫోన్ చేయకుండా ఉత్తరం రాయడం అందుకే. నువ్వు అడిగిన రెండో మాటకు జవాబు చివర రాస్తాను.

నువ్వు మన చర్చి సంఘం బయట పెళ్లి చేసుకున్నాక మీ నాన్న నువ్వున్న ఫొటోలన్నీ కాల్చేశాడు. అన్నిట్లోనూ మా అక్క నీ పక్కనే ఉంది కనుక ఆమెవీ పోయాయి. ఫోన్లో ఉన్నవీ తీసేశాడు. ఆధార్ కార్డు మీద ఉన్నది అక్కో కాదో ఎవరూ గుర్తుపట్టలేరు. అక్క పోయి ఏడాదికి పెట్టే సంవత్సరం కూడిక దగ్గర పడ్డాక బల్ల మీద పెట్టడానికి ఫొటో లేక నా దగ్గరికి వచ్చాడు. నీకు ఏడేళ్లప్పుడు, నేను పనిచేసిన మణుగూరు స్టూడియోలో నిన్నూ అక్కనూ తీసిన నెగటివ్ నా పెట్టెలో ఉందని ఆయనకు తెలుసు.

“నెగటివ్ ఇయ్యి దాసూ. ఖమ్మంల కంప్యూటర్ మీద చేయిస్త.”

“నెగటివ్ ఇయ్య బావా. ఫొటో నేనే కడిగి ఇస్త.”

“సరే. పక్కకున్నది మాత్రం కనవడొద్దు.”

నీ పేరు కూడా ఎత్తలేదు. “గట్లనే,” అన్నాను.

ఫొటోలు కడిగే మందు ఇప్పుడు ఇక్కడ ఎక్కడా దొరకదు. కాఫీ పొడి, బట్టలసోడా, విటమిన్ సి బిళ్ళల పొడి నీళ్లలో కలిపితే ఆ పని చేస్తుంది. కంపు మాత్రం భరించలేం. కడిగిన ఫొటో నిలవాలంటే హైపో అనే మందులో ముంచాలి. అది ఖమ్మంలో చేపల తొట్టెలు అమ్మే దుకాణంలో దొరికింది. ముంచకపోతే చీకట్లో బాగానే ఉంటుంది, వెలుగు తగిలితే నల్లబడుతుంది.

గదిలో చీకటి కోసం కళ్లంలోని టార్పాలిన్ తెచ్చి కిటికీలకు కట్టాను. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. “కాయలు తడుస్తున్నయ్. ఆ కాఫీ నువ్వే తాగు,” అని మీ అత్త తలుపు అవతల నుంచి తిట్టింది. తడిస్తే తడిశాయి.

పనికొచ్చే పాత ఫొటో కాగితాలు రెండే మిగిలాయి. ఒకదాని మీద మీ ఇద్దరినీ వేశాను. రెండోదాని మీద, నీ ఆకారంలో కత్తిరించిన అట్ట అడ్డం పెట్టి, అక్కను ఒక్కదాన్నే వేశాను. నువ్వున్న చోటు తెల్లగా మిగిలింది. మొదటిది హైపోలో ముంచాను. రెండోది ముంచలేదు.

ఆ రెండోదాన్ని ఫ్రేములో బిగించి, కింద ‘మరియమ్మ’ అని అక్క పేరు రాసి, నల్లకాగితం చుట్టి మీ నాన్నకు ఇచ్చాను. కాఫీతో కడిగింది, ప్రార్థన మొదలయ్యాకే విప్పమన్నాను. మొన్న కూడికలో ఎండ పడే చోటే బల్ల వేశారు. పాస్టరు గారు కాగితం విప్పారు. మొదటి పాట అయ్యేదాకా అక్క చక్కగా ఉంది. రెండో పాటకు ఆ తెల్లటి చోటు రంగు తిరిగింది. అక్క పక్కన నీ ఎత్తున ఒక ఆకారం నేరేడు రంగులో లేచింది.

ముందు వరుసలో కూర్చున్న ముత్తక్క గట్టిగానే అంది: “అయ్యో, మరియమ్మ పక్కకు పిల్ల నిలవడ్డదేందే?”

తర్వాత అక్క చీర, ఆపైన ముఖం నల్లబడ్డాయి. అరవై మంది చూస్తున్నారు. మీ నాన్న నా దగ్గరికి వచ్చాడు.

“ఏం చేసినవ్‌రా?”

“కనవడొద్దన్నవ్ గద బావా. ఇగ ఎవ్వరు కనవడరు.”

ఆయన ఫ్రేమును బోర్లించి కూర్చున్నాడు. నేను భోజనం చేసే వచ్చాను.

నాన్నను క్షమించమని రాశావు. ఆ పని నువ్వు చేసుకో. ఆ ఫ్రేము బోర్లించడం చూశాక నాకు కడుపు నిండింది. నెగటివ్ కూడా ఇందులోనే పెట్టాను. ఇక అది నీది.

చివరి రోజు అమ్మ ఏమన్నా అన్నదా అని అడిగావు. అన్నది. “పిల్ల వచ్చిందా?” అని రెండుసార్లు అడిగింది. “రాలే,” అన్నాడు మీ నాన్న రెండుసార్లూ. నేను మంచం పక్కనే ఉన్నాను. కిటికీలోంచి దవాఖానా గేటు కనిపిస్తోంది. మీ నాన్న చెప్పిన మాటకు వాచ్‌మన్ లోపలికి రానివ్వక పొద్దున్నుంచీ నువ్వు అక్కడే నిలబడ్డావు. పసుపు చున్నీ వేసుకున్నావు. ఎదురు చెప్తే బావ వైద్యం ఆపించి అక్కను ఇంటికి తీసుకుపోతాడని భయపడి నేను నోరు తెరవలేదు. ఆయనకు చేసింది చేశాను. నాకు ఏం చేయాలో నువ్వే చూసుకో.

అక్క మధ్యాహ్నం రెండింటికి పోయింది. గేటు దగ్గర నుంచి నువ్వు మూడున్నరకు వెళ్ళావు.

ఇట్లు,
మీ మేనమామ
క్రీస్తుదాసు