గెలాక్సీ చక్రవర్తి మీసం

బమ్రోలి, సూరత్

ప్రియమైన లక్ష్మీరాజం బావకు,

ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి తెలియజేయునది ఏమనగా: మా ఇంటి దువ్వెన, పప్పుగరిటె, నా ఎడమకాలి చెప్పు ఈ ఉదయం నుంచి గెలాక్సీ సామ్రాజ్యానికి జప్తు అయినవి. అభ్యంతరాలు స్వీకరించబడవు.

జప్తు చేసింది నీ కూతురే. బొమ్మల సినిమాల చదువుకని సింధూజను మా ఇంట్లో దింపిపోయావు కదా, ఇది దాని ఫలం. ఆ అంతరిక్ష యుద్ధాల సినిమాలున్నాయి చూడు, లోకమంతా ఎగబడి చూసేవి. తండ్రి చస్తే కొడుకు, కొడుకు చస్తే మనవడు, ఎన్ని భాగాలొచ్చినా యుద్ధం తెగదు. వాటిని వెక్కిరిస్తూ సినిమా తీస్తోంది. వాటిని వేరే వెక్కిరించాలా? ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే చాలదా?

హీరోలు మా మరమగ్గాల కార్ఖానాలో పారేసిన కండెలు, కాస్త దారం మిగిలిన గొట్టాలు. అంతరిక్ష నౌక మగ్గంలో అటూ ఇటూ ఉరికి అరిగిపోయిన ఒక నాడె. ఆకాశం నల్ల చీర, నక్షత్రాలు దానికి అంటించిన చమ్కీలు. కండెను వెంట్రుకవాసి జరపాలి, ఫోటో తీయాలి, మళ్లీ జరపాలి. పొద్దంతా చేస్తే కండె ఒక్కసారి తలూపుతుంది. మీ ఇంట్లో నువ్వు తలూపడానికీ అంతే పడుతుందని మా అక్క అంటుంది.

అసలు సంగతి ఇది. ఇందులో దుర్మార్గుడు గెలాక్సీ చక్రవర్తి. వాడికి నల్లదారంతో మీసం, కొసలు పైకి మెలేసి మరీ పెట్టింది. ఎవరి పోలికో నేను చెప్పను. ఆదివారం కాలేజీలో అందరి ముందూ వేస్తారట. నువ్వు రాకు. నీ పరువంతా మీసంలోనే ఉంది కదా, దాన్ని సిరిసిల్లలోనే భద్రంగా దాచుకో.

నువ్వు నా ఫోను ఎత్తవు గనుక బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. కరెంటు ఆఫీసరు గొంతుతో నిన్ను బెదిరించింది ఒక్కసారే కదా బావా, ఇంకా కోపమా?

ఇట్లు,
నీ ప్రాణానికి దొరికిన బామ్మర్ది,
పరమేశ్

సిరిసిల్ల

ప్రియమైన అనక తప్పదు గనుక, ప్రియమైన పరమేశ్‌కు,

కన్నతండ్రిని బొమ్మను చేసి పదిమందికీ చూపించే చదువు మా ఇంటికి అక్కరలేదు. శనివారం బస్సెక్కుతున్నాను. ఆ బొమ్మను నా చేత్తో విరిచి, పిల్లను వెంట తెచ్చుకుంటాను. ఇక్కడ బట్టల దుకాణంలో కూర్చుని చీరలు మడతపెడితే బుద్ధి వస్తుంది.

మీ అక్క స్వరాజ్యం నన్ను ఎత్తిపొడుస్తోంది. "పొల్ల ఎన్నిసార్లు పిలిచింది, ఒక్కసారి వచ్చి నా పని చూడు నాయినా అని! నేనొస్తే మగ్గాలు నడవయి, సాంచాలు ఆగుతయన్నవు. మీసం అనంగనే చెప్పులేసుకున్నవా?" అంటోంది. మీ వంశం నాలుకలే అంత.

ఇట్లు,
లక్ష్మీరాజం

సిరిసిల్ల

ప్రియమైన పరమేశ్‌కు,

క్షేమంగా చేరాను. నీ చేతి వంట మూలాన కడుపు మాత్రం ఇంకా దారిలోనే ఉంది.

సినిమా ఏమీ బాగాలేదు. నాడె చప్పుడు లేకుండా ఎగురుతుందా ఎక్కడన్నా? కానీ ఆ చిన్న కండె, ఒంటిమీద దారమంతా అయిపోయినా నౌకను వదలకుండా నిలబడినప్పుడు, నా పక్కనున్న గుజరాతీ ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఏసీ పడదు, అందుకే నావీ తడిశాయి.

చక్రవర్తికి మీసమే లేదు. నున్నటి మూతి. పైగా వాడికి అంత బొజ్జ, అది నాకెక్కడిది? ఏందిరా ఇది అంటే నువ్వేమన్నావు? "నువ్వొస్తున్నవని తెలిసి పొల్ల భయపడి పీకేసింది బావా" అన్నావు. ఆ మాట ముల్లులా దిగింది. తండ్రి వస్తున్నాడంటే బొమ్మకు కూడా క్షవరం చేసేంత భయమా? విరవడానికి వచ్చినవాణ్ని, పిల్ల దగ్గర మీసం మాటే ఎత్తకుండా తిరిగొచ్చాను.

చదువు సాగనివ్వు. ఆ మీసం మళ్లీ అంటించమని నా మాటగా చెప్పు. కొసలు పైకే ఉండాలి.

ఇట్లు,
నీ బావ లక్ష్మీరాజం

బమ్రోలి, సూరత్

ప్రియమైన మీసాల బావకు,

నీ ఆజ్ఞ చదివి వినిపించాను. సింధూజ తెల్లబోయింది. "నాయినకేమైంది మామా? మీసం మీద గింత పట్టింపేంది?" అంది. "పెద్దోళ్లు చెప్తే పెట్టాలె బిడ్డా, జర మంచిగ మెలెయ్యి" అన్నాను.

పెట్టింది. పెట్టి, చాలాసేపు ఆ బొమ్మనే చూసి నవ్వుకుంది. తర్వాత చక్రవర్తిని సింహాసనం మీది నుంచి దించి కండెల పక్కన నిలబెట్టింది. రెండో భాగంలో వాడు మంచివాడవుతాడట! ఇంతకన్నా చెత్త కథ నేను వినలేదు.

ఆ బొజ్జ నాది బావా. ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ నన్ను చూసి చేసింది, తిండిపోతు చక్రవర్తి కావాలని. నా బొజ్జ మీద నీ మీసం, సామ్రాజ్యం కూలక ఏం చేస్తుంది?

"పిల్ల పిలుస్తోంది, రా" అంటే నువ్వు రావు. కొట్లాటకైతే ఉరికివస్తావు. అందుకని మీసం మాట నేనే పుట్టించాను. నువ్వు అంటించమనేదాకా ఆ బొమ్మకు మీసం ఏనాడూ లేదు.

ఇట్లు,
లేని చోట మీసం మొలిపించిన నీ బామ్మర్ది,
పరమేశ్